ఎడమ సీటు కాళ్ళు

మా వృత్తిలో మొదట నేర్చుకోవలసింది చెప్పులు విప్పడం. ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు. ఇంటింటికీ తిరిగి విరిగిన కాళ్ళకి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు రోజంతా ఎవరో ఒకరి గుమ్మం ముందు వంగి చెప్పులు విప్పుతాడు, మళ్ళీ తొడుక్కుంటాడు. లేసుల బూట్లతో వచ్చే కుర్రాళ్ళని చూసి, వీళ్ళు ఈ పనిలో నిలవరు అని నేను జోస్యం చెప్పేవాణ్ణి. నిజంగానే నిలవలేదు. పెద్ద ఆసుపత్రుల్లో డిపార్ట్‌మెంట్లకి హెడ్లయ్యారు.

నాకు ప్రమోషన్లు రాలేదు కాబట్టి వాటి గురించి రాయడం లేదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మన తెలుగు పిల్లలు, ముఖ్యంగా ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్, గుర్‌గావ్ అపార్ట్‌మెంట్లలో తిరగబోయేవాళ్ళు, రెండు మూడు సంగతులు ముందే తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. అయినా ప్రతి ఇంట్లోనూ "డాక్టరు గారూ" అంటారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. చెప్పగానే వాళ్ళ ముఖాలు వాడిపోయేవి, వ్యాయామం కూడా సరిగ్గా చేసేవారు కాదు. తర్వాత చెప్పడం మానేశాను.

నా చదువు

నేను చదివింది డిప్లొమా. మిగతాదంతా లైబ్రరీలే నేర్పాయి. ధౌలా కువాన్ వైపు ఒక కాలేజీ లైబ్రరీలో సాయంత్రాలు కూర్చోనిచ్చేవారు. ఎముకల పుస్తకాలు అయిపోయాక కండరాలవి, అవి అయిపోయాక నరాలవి, ఆ తర్వాత మనసు మీద రాసినవి. అర్థం కాని పేజీలు రెండోసారి చదివేవాణ్ణి. అప్పటికీ అర్థం కాకపోతే అది రచయిత లోపం అని నిర్ణయించుకునేవాణ్ణి. ఈ పద్ధతిలో చాలా నేర్చుకోవచ్చు. పరీక్షల కోసం చదివినది పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాను కానీ, లైబ్రరీలో చదివినది ఇప్పటికీ అడిగితే చెప్పగలను. అడగకపోయినా చెబుతానని మా ఇంట్లోవాళ్ళు అంటారు.

నా మొదటి ఉద్యోగంలో పైఅధికారి ఒక పంజాబీ మేడమ్. గట్టి మనిషి. పేషెంట్ దగ్గర నేను పుస్తకం భాష మాట్లాడితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండేది, నేను ముగించేదాకా. ఒకరోజు పక్కకి పిలిచి అంది: "రావ్, చదువుకో, మంచిదే. కానీ ఎవరింటికైనా వెళితే లోపలికి పోయేముందు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడు. దేఖో, చూడు. కాలు గురించి పేషెంట్ చెప్పేది తర్వాత విను."

ఇదేం శాస్త్రం అనుకున్నాను. ఏ పుస్తకంలోనూ కనపడలేదు. అయినా ఆవిడ మీద భయం కొద్దీ గుమ్మాలు చూడటం మొదలుపెట్టాను. మంచం దిగలేనన్న పెద్దాయన చెప్పులకి తడి మట్టి ఉంటుంది. రోజూ నడుస్తున్నానన్న కుర్రాడి బూట్ల మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. క్రమంగా అలవాటైపోయింది.

దిండు, పరామర్శ, ఎడమ సీటు

కారు ప్రమాదంలో కాళ్ళు విరిగినవాళ్ళని బాగుచెయ్యడంలో ఎముక పెద్ద సమస్య కాదు. సర్జన్ రాడ్డో ప్లేటో వేసి బిగిస్తాడు. ఎముక తన పని తాను చేసుకుపోతుంది. దానికి చుట్టాలు లేరు. సమస్యంతా చుట్టాలున్న మనిషితోనే.

ప్రేమకి మా వృత్తిలో ఉన్న గుర్తు మోకాలి కింద దిండు. నొప్పిగా ఉందంటారు, తల్లో భార్యో అత్తగారో వెంటనే మెత్తటి దిండు తెచ్చి మోకాలి కింద పెడతారు. హాయిగా ఉంటుంది. కొన్ని వారాలు హాయిగా ఉన్నాక ఆ మోకాలు ఇక తిన్నగా సాగదు. నేను వెళ్ళగానే చేసే మొదటి పని దిండు తీసెయ్యడం. నేను లిఫ్ట్ దగ్గరికి చేరేలోపు మళ్ళీ పెడతారు.

రెండోది పరామర్శ. మనవాళ్ళు యాపిల్ పళ్ళతో వచ్చి మంచం చుట్టూ కూర్చుని, ఇలాగే కాలు విరిగి మళ్ళీ నడవని వాళ్ళ కథలన్నీ చెబుతారు. అందరికీ అలాంటి చుట్టం ఒకడు ఉంటాడు. తిరిగి నడిచినవాళ్ళ కథ ఒక్కరు కూడా చెప్పరు, అందులో చెప్పడానికేం ఉంటుంది గనక.

మూడోది ఎవరూ పైకి అనరు. నేను చూసిన కేసుల్లో భార్యల ఎడమ కాళ్ళు చాలా ఉండేవి. భర్త నడుపుతుంటాడు, భార్య పక్కన ఎడమ సీట్లో. ఎదురుగా ఏదో కనపడగానే నడిపేవాడి చెయ్యి తనకి తెలియకుండానే కుడివైపు తిప్పుతుంది. ముందున్నది బండి ఎడమవైపుకి తగులుతుంది. అది ఎవరి తప్పూ కాదు. శరీరం చేసే పని, ఆలోచనకి టైముండదు. కానీ ఇంటికొచ్చాక ఆలోచించడానికి బోలెడు టైముంటుంది.

ఒకేచోట ఆగిన మోకాలు

ఇందిర గారిది అలాంటి కాలే. ఘాజియాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీ, తొమ్మిదో అంతస్తు. భర్త మురళి సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచే పని. ఆవిడ సాకేత్‌లో ఒక కంపెనీలో హెచ్‌ఆర్. పదకొండో తరగతి చదివే అమ్మాయి ఉంది, తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే. శీతాకాలం పొగమంచులో ఆగి ఉన్న లారీని వీళ్ళ కారు వెనక నుంచి గుద్దింది. ఆవిడ ఎడమ తొడ ఎముక, మోకాలి కింద ఎముక విరిగాయి. ఆయనకి సీటు బెల్టు వల్ల కమిలిన చార మాత్రం మిగిలింది.

నేను వెళ్ళేటప్పటికి ఆయన ఆ ఇంటికి వంటమనిషి, నర్సు, కాపలాదారు. ప్రమాదానికి ముందు మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తాను తెచ్చుకోని మనిషట. ఇప్పుడు మందులకి ఫోన్లో అలారాలు, పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం కూర, ఆవిడ పిలవకముందే పరుగు. మీటింగులో ఉన్నా చెవిలో ఇయర్‌ఫోన్‌తోనే వేడినీళ్ళ బేసిన్ మోసుకొచ్చేవాడు.

"మురళి గారూ, ఆవిడ్ని కాస్త పని చేసుకోనివ్వండి," అన్నాను.

"వద్దు సార్. నేనున్నాను కదా," అన్నాడు.

ఎముకలు బాగా అతికాయి. సర్జన్ పూర్తి బరువు వెయ్యవచ్చన్నాడు. అయినా ఆవిడ వాకర్ వదలడం లేదు. మోకాలు ఎంత వంగుతోందో కొలవడానికి మా దగ్గర ప్లాస్టిక్ కోణమానిని ఒకటి ఉంటుంది. బాగుపడుతున్న మోకాలు ఒకరోజు ముందుకి, ఒకరోజు వెనక్కి ఊగుతూ ఉంటుంది. ఇందిర గారి మోకాలు మాత్రం ప్రతిసారీ ఎనభై అయిదు డిగ్రీల దగ్గరే ఆగేది. "ఇంతేనండీ, అమ్మో," అనేవారు, కోణమానిని గీత దగ్గరికి రాగానే. అంత క్రమశిక్షణ గల మోకాలిని నేనెక్కడా చూడలేదు.

పైగా తొడ చుట్టుకొలత పెరుగుతోంది. నడవని కాలి కండ కరుగుతుంది. నడిచే కాలికే పడుతుంది. మంచం మీద కూర్చున్న మనిషికి కండ ఎలా పడుతుందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక ఉదయం లిఫ్ట్ దిగి, మేడమ్ చెప్పినట్టు గుమ్మం ముందు నిలబడ్డాను. అన్నాళ్ళూ అక్కడ ప్లాస్టిక్ స్టిక్కర్ ముగ్గు అతికించి ఉండేది. ఆ రోజు స్టిక్కర్ లేదు. చుక్కలు పెట్టి మెలికలు తిప్పిన పిండి ముగ్గు ఉంది. చుట్టూ తిరుగుతూ, నడుం వంచి, రెండు కాళ్ళ మీదా మార్చి మార్చి బరువు వేస్తే తప్ప పడని ముగ్గు. వాకర్ పట్టుకున్నవాళ్ళకి పిండి పట్టుకునే చెయ్యి మిగలదు.

మురళి పాలు, కూరలు తెచ్చి లోపలికి వెళ్ళాడు. ముగ్గు తొక్కకుండా దాటాడు. ఏమీ గమనించలేదు.

ఆయన మీటింగు మొదలై గది తలుపు మూసుకున్నాక ఇందిర గారితో అన్నాను: "ముగ్గు బాగుందండీ."

"మా అమ్మాయి వేసింది."

పక్క గదిలోంచి అమ్మాయి గొంతు: "మైనే నహీ బనాయా, అంకుల్. ముఝ్‌సే సీదా లైన్ భీ నహీ బన్తీ." తను వెయ్యలేదట, తిన్నటి గీత గియ్యడం కూడా రాదట.

"నువ్వు నీ చదువు చూసుకోవే," అన్నారు ఇందిర గారు.

నా ఉపన్యాసం

ఇక్కడ నా లైబ్రరీ చదువు పనికొచ్చింది. అంటే, పనికొచ్చిందని నేననుకున్నాను. జబ్బు వల్ల మనిషికి కలిగే లాభం గురించి చదివి ఉన్నాను. మంచం మీద ఉంటే అందరూ చుట్టూ తిరుగుతారు, ముందెప్పుడూ దొరకని సేవ దొరుకుతుంది, అందుకని మనసు జబ్బుని వదలనివ్వదు. ఇదంతా ఆవిడకి మర్యాదగా, రెండు ఉదాహరణలతో వివరించాను. మెట్రోలో తర్వాతి స్టేషన్ గురించి వచ్చే ప్రకటన విన్నట్టు విన్నారు ఆవిడ.

"అయిపోయిందాండీ?"

"అయిపోయింది."

"మీరు చాలా చదివారు. మా ఆయన కూడా ఇలాగే, ఫోన్లో మోకాళ్ళ గురించి అంతా చదివేశారు. ఇద్దరికీ ఎదురుగా ఉన్న మనిషి మాత్రం కనపడరు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో ఆయన సోఫాలో కూర్చుని గోడ చూస్తుండేవారు. తినరు, పడుకోరు. నేను కాసిని మంచినీళ్ళిమ్మంటే లేచేవారు. పని చెబితే మనిషయ్యేవారు. ఒకరోజు నేనే వాకర్‌తో వెళ్ళి కాఫీ కలుపుకున్నాను, సంతోషిస్తారని. 'అయితే ఇంక నాతో పనిలేదన్నమాట,' అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ రోజు మళ్ళీ అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి నాకు మోకాలు వంగడం మానేసింది."

నేను చదివిన పుస్తకంలో ఆ పేజీ లేదు.

"నా కాలికైతే ఎక్సరే తీశారు. ఆయనకి ఏది తియ్యమంటారు?" అన్నారు.

"మరి మీ ఉద్యోగం?"

"ఒకటో తారీకుకి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. డాక్టరు గారు ఇంకా నడవద్దన్నారని చెప్పాను."

"నేనెప్పుడన్నాను?"

"అనలేదనుకోండి. అనేలాగే ఉంటారు కదా." మోకాలు సవరించుకుంటూ, "ఆ ఉద్యోగం నాకు ఇష్టమండీ," అన్నారు. అంత గట్టి మనిషీ మొదటిసారి కళ్ళు పక్కకి తిప్పుకున్నారు.

"మరి ముగ్గెందుకు వేశారు? దొరికిపోతారు కదా."

"ఆ స్టిక్కర్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుందండీ. ఎన్నాళ్ళని ఓర్చుకోను?"

కారు రిపేరై వచ్చి బేస్‌మెంటులో కవరు కింద ఉంది. దాని తాళంచెవి దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనక. ప్రమాదం తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు. అదివరకు రోజూ ఆవిడ్ని మెట్రో దాకా దింపింది ఆయనే. ఆవిడ వాకర్ వదలాలంటే ముందు ఆ కారు కదలాలని నాకనిపించింది.

కారు ఎక్కి దిగుట

కాలు విరిగినవాళ్ళకి కారు ఎక్కడం, దిగడం నేర్పాలని మా పుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది. ఈ వృత్తిలో అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నదే చెప్పాలి. మురళిని పిలిచి, తర్వాతి మెట్టు ఇదేనన్నాను.

"క్యాబ్ పిలుస్తాను సార్. అందులో నేర్పండి."

"క్యాబ్ సీటు ఎత్తు రోజుకొకలా ఉంటుంది. సొంత కారయితే ఒకటే ఎత్తు."

"అయితే వెనక సీట్లో."

"ముందు సీట్లోనే కాలు చాపుకోవచ్చు. మీరు డ్రైవర్ సీట్లో కూర్చోవాలి. అటు బరువు లేకపోతే బండి ఎడమవైపు ఒరుగుతుంది."

ఈ చివరి మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఇంజనీరు కదా, కాసేపు ఆలోచించాడు. ఆలోచించి ఒప్పుకున్నాడు. మనిషి ఒప్పుకోదలుచుకున్నప్పుడు కారణం ఎంత చిన్నదైనా చాలు.

మొదటిరోజు ఆయన స్టీరింగ్ ముట్టుకోకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వీసా ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. ఆవిడ ముందు సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పారు. ఆ మోకాలు ఎనభై అయిదు దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. నేను సీలింగు పైపుల వంక చూశాను.

తర్వాత ఢిల్లీ ఎండలు మాకు సాయం చేశాయి. బేస్‌మెంటులో ఊపిరాడటం లేదు, ఏసీ వెయ్యండి అన్నాను. ఏసీ కావాలంటే ఇంజను నడవాలి. బ్రేకు మీద ఆయన కుడికాలు వణికింది. ఆ వణుకు నాకు తెలుసు. నొక్కు, నొక్కకు అని ఒకేసారి రెండు మాటలు విన్న కాలు అలా వణుకుతుంది. ఇంకోరోజు, పిల్లర్ అడ్డొచ్చి ఎడమ తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు, కాస్త ముందుకి తియ్యండి అన్నాను. తీశాడు. తీసి ఆపి, దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు చూశాడు. ఏమీ కాలేదు. మళ్ళీ చూశాడు.

అక్కడ ఆగిపోయాం. ర్యాంపు దాకా వెళతాడు, ఆపుతాడు, దిగి ఎడమవైపు చూస్తాడు. ఎన్నిసార్లు చేసినా అంతే. ఒకటో తారీకు దగ్గరపడింది. నా దగ్గర ఉపాయాలు అయిపోయాయి. వ్యాయామానికని తెచ్చుకున్న తువ్వాలూ దిండూ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుని ఉన్నాను. ఆయన దిగబోతుంటే ఇందిర గారు చొక్కా పట్టుకుని ఆపారు.

"ఏం చూస్తారు అటు?"

"ఏం లేదు. ఊరికే."

"మీరు కుడివైపు తిప్పారని నాకు తెలుసు."

నేను ఫోన్ తీసి అందులో తల దూర్చాను. బేస్‌మెంటులో సిగ్నల్ రాదు. అయినా చదువుతున్నట్టే ఉన్నాను.

ఆయన తలుపు మీంచి చెయ్యి తీసి అన్నాడు: "నువ్వప్పుడు నిద్రపోతున్నావు."

"లేదు. చూస్తూనే ఉన్నాను."

"మరి ఇన్నాళ్ళూ..."

"మీరే చెబుతారని చూశాను. మీరేమో ఉప్మాలు చేసి పెడుతున్నారు."

ఆయన స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. భుజాలు కదిలాయి. ఆవిడ ఓదార్చలేదు. చొక్కా వదల్లేదు కూడా.

తల ఎత్తకుండానే అడిగాడు: "ఉప్మా బాగాలేదా?"

"బాగాలేదు."

"రోజూ తిన్నావుగా."

"రోజూ బాగాలేదు. జీడిపప్పు వేసినంత మాత్రాన ఉప్మా అయిపోదు. నాకు ఆఫీసుకెళ్ళాలని ఉంది. అక్కడి క్యాంటీన్‌లో ఇంతకంటే మంచిది దొరుకుతుంది."

అప్పుడు ఆయన నవ్వాడో ఏడ్చాడో వెనక సీట్లోంచి తెలియలేదు. నేను, నా తువ్వాలు, నా దిండు నెమ్మదిగా కారు దిగి, మెట్ల మీదుగా బయటపడ్డాం. మా పనిలో ఎప్పుడు దిగాలో తెలియడం కూడా ఒక విద్యే.

తాళం

మామూలు రోజున, మామూలు టైముకి వెళ్ళాను. లిఫ్ట్ దిగి గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపుకి తాళం ఉంది. గుమ్మం ముందు అంతకు ముందెప్పుడూ చూడనంత పెద్ద ముగ్గు, పక్క ఫ్లాటు చెప్పుల స్టాండు దాకా పాకింది. రావద్దని నాకెవరూ ఫోన్ చెయ్యలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇలా తాళం కనపడిన ప్రతిసారీ తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. ఆ రోజు తిట్టుకోలేదు. తారీకు ఒకటి అని అప్పుడు గుర్తొచ్చింది.

కిందికి వస్తే గేటు గార్డు నన్నే పట్టుకున్నాడు. ఆ ఇంటికి నేను తప్ప వచ్చేవాళ్ళు లేరని అతని లెక్క.

"డాక్టర్ సాబ్, మీ నైన్త్ ఫ్లోర్ వాళ్ళకి చెప్పండి. పొద్దున్న బేస్‌మెంట్ పిల్లర్ గీకేసి పోయారు. నేను వెనకాల పరుగెత్తాను, ఆగలేదు."

"క్యాబ్ వాడా?"

"క్యాబ్ కాదు సాబ్. మురళి సాబ్ ఖుద్ చలా రహే థే, తానే నడిపారు. మేడమ్ పక్కన కూర్చుని నవ్వుతోంది."

"ఎటువైపు గీసుకుంది?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ఎడమవైపు."

"దిగి చూసుకోలేదా?"

"నహీ సాబ్. అద్దంలో కూడా చూడలేదు. సీదా పోయారు."

నేను బేస్‌మెంటులోకి వెళ్ళి చూశాను. పిల్లరుకి సరిగ్గా మోకాలి ఎత్తున పొడుగాటి గీత, అందులో వాళ్ళ కారు బూడిదరంగు. బాగా లోతుగా పడింది. రిపోర్టు రాయించాలి, సొసైటీ వాళ్ళు నన్నంటారు అని గార్డు వెనక నిలబడి గొణుగుతున్నాడు. మా కోణమానినితో కొలవడానికి వీల్లేని మెరుగుదల అది, కాబట్టి సంచీ తెరవలేదు. ఇద్దరి కేసూ అక్కడే ముగించి గేటు వైపు నడిచాను. ఆ పూట చెప్పులు విప్పే పని పడలేదు.